మక్తలామె పెంటకుప్ప

ఈర్ష్య పడడానికి కూడా ఆ రోజుల్లో మాకు పెద్దగా వస్తువులుండేవి కావు. నగలు చూసి కుళ్ళుకుందామంటే ఉన్న కాస్తా దోపిడీ భయానికి నేలలో పాతిపెట్టుకున్నాం. చీరలు చూద్దామంటే అందరివీ ఒకే మగ్గం మీద నేసినవి. అందుకని నేను మా యారాలి మిరపతోట చూసి కుళ్ళుకున్నాను. యారాలంటే మా మరిది భార్య. మక్తల్ వైపు నుంచి భువనగిరి దగ్గరి మా ఊరికి కోడలై వచ్చింది కాబట్టి ఊరంతా ఆమెను మక్తలామె అనేవారు. ఆమె మొగుడు ఇంటిపట్టున ఉండి నాగలి దున్నుకునేవాడు. నా పెనిమిటేమో సంఘంలో చేరి, రజాకార్లు పోయి యూనియన్ మిలిటరీ వచ్చిన తర్వాత కూడా దేవరకొండ అడవుల్లోనే తిరుగుతుండేవాడు. (అసలు ఈర్ష్య ఇక్కడే మొదలైందేమో. కానీ సాటి ఆడదాని మొగుడు ఇంట్లో ఉన్నాడని ఏడిస్తే బాగుండదు కదా, మిరపకాయలైతే పరవాలేదు.)

మా అత్త ఆ ఏడు బావి దగ్గర చెరొక మడి ఇచ్చి, "ఎవలి తోట మంచిగ కాస్తే, బాయికాడి భూమంత వాళ్ళకే ఇడుస్త" అన్నది. నేను పశువుల పెంట వేశాను, బూడిద వేశాను, చెరువు మట్టి మోయించాను. నా మొక్కలు మోకాలిదాకా వచ్చి అలిగినట్టు ఆగిపోయాయి. ఆమెవి నడుము దాటాయి, కాయలు ఆకుల్ని మించి వేలాడాయి. సంగతేమిటని చూస్తే, మక్తలామె పొద్దున్నే గంప పట్టుకుని ఊరి చివర పందులు పెంచేవాళ్ళ దగ్గరికి పోతోంది. మా వైపు పంది పెంటను రైతులు ముట్టేవారు కాదు, దాని మీదుగా గాలి వస్తే కూడా ముఖం తిప్పుకునేవారు. ఆమె పుట్టింటి వైపు మాత్రం మిరపకూ వంకాయకూ అదే బలమట. తెచ్చి, దొడ్లో గుంత తవ్వి, ఆకూ అలమూ కలిపి మాగబెట్టి చేనుకు తోలేది.

నేను పరుగున పోయి అత్తకు చెప్పాను. "అత్తా, చిన్నామె ఇంట్లకు పంది పెంట తెస్తాంది."

అత్త అప్పుడు మక్తలామె తోట కాయలతో తొక్కు నూరుతోంది. "ఇంట్లకేడ తెచ్చింది, దొడ్లకు తెచ్చింది. ఇగో, గీ తొక్కు జర నాలికకు రాస్కొని చూడు" అన్నది. రాసుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (కారానికే అనుకున్నారు అందరూ.)

ఒకనాడు పొద్దు పొడిచే వేళకు నా పెనిమిటి దొడ్డిదారిన ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగి, డొక్కలు లోపలికి పోయి, గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడో లేదో, మక్తలామె ఖాళీ గంపతో ఉరికొచ్చింది. "అక్కా, మిలిటరీ చావడికాడ దిగింది. రెండు దిక్కుల నుంచి వస్తున్నరు, బయటికి పోయే తొవ్వ లేదు." ఆమె దొడ్లోని ఎరువు గుంత చూపించి, "బావా, అండ్ల పండుకో" అన్నది. ఆయన నా వైపు చూశాడు. "నీకు దండం పెడ్త, పండుకో" అన్నాను. ఆయన పడుకోగానే మక్తలామె ముఖం మీద గంప బోర్లించి, పైన కందికట్టె పరిచి, దాని మీద పలచగా పెంట చల్లింది.

సిపాయిలు ఇల్లంతా తిరగేశారు. కుండలు పగిలాయి. దొడ్లోకి వచ్చేసరికి అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు గానీ, ఒక పొడుగాటి జవాను తగ్గలేదు. గుంత దగ్గర వంగి, చేతిలోకి కాస్త పెంట తీసుకుని నలిపి చూశాడు. అతని ముఖం మెత్తబడింది. ఏదో అంటే, వెంట వచ్చిన పటేలు మాకు తెలుగులో చెప్పాడు. "ఈయన గూడ ఎవుసం చేసే కాపుదనపోడేనట. వాళ్ళ దిక్కు గూడ కూరగాయలకు ఇదే ఏస్తరట." అంతటితో పోతే బాగుండేది. అతను గోడకు ఆనించిన పార అందుకున్నాడు. "ఎరువును అప్పుడప్పుడు తిరగెయ్యాల్నట. ఎట్ల తిరగెయ్యాల్నో చూపిస్తనంటున్నడు."

నేను గోడ పట్టుకున్నాను. మక్తలామె కొంగు సర్దుకుని, గొంతు పెంచకుండా, "వద్దని చెప్పు పటేలా. నిన్ననే తిరగేసిన. మాటిమాటికి కదిలిస్తే కాక పోతది" అన్నది. పటేలు చెప్పాడు. జవాను కాసేపు ఆలోచించి, న్యాయమే అన్నట్టు తలూపి, పార మళ్ళీ గోడకు ఆనించాడు. పోతూ పోతూ ఒక మాట అన్నాడు.

"ఏమన్నడు పటేలా?" అన్నది మక్తలామె.

"గిసొంటి ఎరువు వాళ్ళ ఊర్ల గూడ చూడలేదట."

గుంతలో నా మొగుడు ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. ఆ క్షణాన కూడా నా మనసులో ఏం మెదిలిందంటే, పక్కనే ఉన్న నా పశువుల పెంటను ఒక్కడూ చూడలేదే అని.

వాళ్ళు ఊరు దాటాక ఆయన్ను బయటికి లాగాం. దగ్గాడు, కక్కాడు, కళ్ళు తెరిచి, "చిన్నామె పానం నిలవెట్టింది" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు ఒక్క మాటన్న మాట్లాడకపోతివి" అన్నాడు.

"నా పెంటల పండుకున్నా బతుకుతుంటివి" అన్నాను.

కుంకుడుకాయలన్నీ అయిపోయేదాకా రుద్దినా ఆ వాసన వదల్లేదు. మళ్ళీ అడవికి పోయాక తోటివాళ్ళు కొన్నాళ్ళు ఆయన్ను గాలివాటం చూసి కూర్చోబెట్టారట.

పోరాటం ఆగిపోయాక ఆయన ఇంటికొచ్చాడు. బావి దగ్గరి భూమి మాత్రం అత్త మక్తలామెకే ఇచ్చింది, ఇవ్వక తప్పదు కూడా. తర్వాత నేనూ గంప ఎత్తుకుని ఆమె వెనకాలే ఊరి చివరికి పోవడం మొదలుపెట్టాను. దారంతా ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు, ఆమె మాత్రం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మాట్లాడుతూనే ఉండేది. కొన్నేళ్ళకు పుట్టింటి భూములు చూసుకోవడానికి మొగుణ్ణి తీసుకుని మక్తల్‌కు వెళ్ళిపోయింది. బావి దగ్గరి భూమంతా నాదైంది.

ఆ ఏడు నా మిరప విరగకాసింది. బాటన పోయేవాళ్ళు ఆగి చూసి పోయారు. నేను మాత్రం కాయ తెంపుతూ తెంపుతూ గట్టు అవతలికి చూసేదాన్ని. అక్కడ కుళ్ళుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఉండబట్టలేక, అటు పోయే బండి మీద మక్తలామెకు ఒక గంపెడు కాయలు పంపాను. బండివాడు తిరిగి వచ్చాక, "ఏమన్నదిరా?" అని అడిగాను.

"కాయ మంచిగనే ఉన్నదట. కారమే జర తక్కువయిందట" అన్నాడు.

నేను మండిపడ్డాను. బండివాణ్ణి తిట్టాను, మొగుణ్ణి తిట్టాను, మక్తల్‌ను దాని చుట్టుపక్కల ఊళ్ళతో సహా తిట్టాను. తిట్టి తిట్టి అలసిపోయి, చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.