వాగు ఒడ్డున వదిలేసిన ఇప్పచెట్టు

మూడు ఆదివారాలు వరుసగా సోమరితనం మీదే మాట్లాడాను. ఇల్లందులో మా ఇంటి ముందు గదిలో ప్రార్థనకు కూడుకునే ఇరవై మందిలో ఆ మాటలు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలాయి. సమ్మయ్య తల దించుకున్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పదకొండేళ్లు టిప్పర్ నడిపిన మనిషి. ఇక్కడ పని అయిపోయిందని బండ్లన్నీ తీసుకెళ్లిపోయిన ఆ కాంట్రాక్టరు, సోమవారం కల్లా ఒడిశా వస్తే అక్కడి గనిలో మళ్లీ పెట్టుకుంటానన్నాడు. సమ్మయ్య భార్య రాజేశ్వరి మాత్రం రెండు నెలల కిందటే చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న ఒక పల్లెకు వెళ్లిపోయింది. అక్కడ పన్నెండు కుటుంబాలు కలిసి సాగు చేసుకుంటూ, కలిసి అడవికి పోతూ, పగటి అన్నం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాయి. కొన్ని ఆ ఊరి కోయవాళ్లవి, కొన్ని గని కాంట్రాక్టు పని వదిలేసి వచ్చినవి. పన్నెండు ఇళ్లూ ఒప్పుకుంటేనే సమ్మయ్యకు అక్కడ చోటు. శనివారం తేలుస్తామని కబురు పంపారు.

"నువ్వొచ్చి సూడక్కా. నువ్వు ఎట్ల చెప్తె గట్ల," అన్నాడు సమ్మయ్య. నిజం రాస్తున్నాను, అతన్ని వెనక్కి తెచ్చి ఒడిశా రైలెక్కించాలనే నేను బయలుదేరాను.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లందులో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, చండ్రుగొండ చేరేసరికి నాలుగున్నర. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, సమ్మయ్యకు రెండు బస్సులకూ కలిపి నూరు దాటింది. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి నలభై. నా చేతిలో గ్రంథం చూసి ఆటో నడిపే యాకూబ్ దారంతా నవ్వుతూనే ఉన్నాడు. మేం పోతున్న పల్లెలో డ్యూటీ లేదు, మేనేజరు లేడు, తన ఇంట్లో మాత్రం తన బేగమే పెద్ద మేనేజరని చెప్పాడు. దిగేటప్పుడు కిరాయి తీసుకుంటూ, "ఒక మాట అక్కా. ఆడ ప్రసంగం చెప్పకు. ఆళ్లు నీకు పని చెప్తరు," అన్నాడు.

పని చెప్పడం మరుసటి తెల్లవారుజామున ఐదింటికి మొదలైంది. ఇప్పపువ్వు రాలే కాలం. చాలాచోట్ల చెట్టు కింద ఆకులకు అగ్గి పెట్టి నేల శుభ్రం చేస్తారు, ఆ మంటలో అడవిలో మొలకలన్నీ మాడిపోతాయి. వీళ్లు అగ్గి పెట్టరు. చెట్టు కింద పాత చీరలు పరుస్తారు. చీకటి విడుతుంటే లేత పసుపు పూలు టప్, టప్ అని వాటి మీద రాలుతుంటాయి. నోట్లో వేసుకుంటే తేనె, చేతికి జిగురు. నడుం వంగనివాళ్లు కూర్చుని పూలలో పుల్లా ఆకూ ఏరుతున్నారు. ఒక బాలింత బిడ్డకు పాలిస్తూ పక్కన కూర్చుంది, అంతే. ఆమెకూ అందరితో సమానంగా వాటా ఉందట. పనిచేసిన గంటలు చూడరా అని నేను అడిగితే, వాళ్లలో పెద్దావిడ కన్నమ్మ నన్ను జాలిగా చూసింది. బిడ్డను పెంచడం పని కాదా అన్నట్టు.

ఎనిమిది దాటి ఎండ చెట్టు మొదట్లోకి రాగానే అందరూ తట్టలెత్తుకుని జొన్న అంబలి తాగడానికి వెళ్లిపోయారు. చెట్ల మీద ఇంకా పువ్వు ఉంది, రాలుతూనే ఉంది. నాకు మనసొప్పలేదు. వాగు ఒడ్డున ఒక పెద్ద చెట్టు కిందైతే ఎవరూ చీర కూడా పరవలేదు, నేల కనపడకుండా పువ్వు. సమ్మయ్యను పిలిచి, ఇవాళే కదా నీ సంగతి తేల్చేది, నీ చేతులు ఎలాంటివో వాళ్లకు చూపించమని ఉసిగొల్పాను. షిఫ్టుకు ఇన్ని ట్రిప్పులని పదకొండేళ్లు తోలినవాడికి అంతకంటే చెప్పాలా? నేనూ కొంగు బిగించాను. గంటన్నరలో రెండు తట్టలు నింపి, గర్వంగా మోసుకొచ్చి కన్నమ్మ ముందు దించాం.

రాజేశ్వరి ముఖం వాడిపోయింది. కన్నమ్మ ఏ చెట్టని అడిగింది. చెప్పాం.

"కింద ఏమన్న ఉంచిన్రా?"

"ఒక్క పువ్వు లేదవ్వా, ఊడ్చినట్టు ఏరినం," అన్నాడు సమ్మయ్య. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

కన్నమ్మ వాకిట్లో ఆరబోసిన పువ్వును చూపించింది. "పొద్దుగూకినంక గుడ్డెలుగు ఆ చెట్టు కాడికి వస్తది. ఆడ తిని దాని తొవ్వ అది పోతది. ఇయ్యాల ఆడ ఏం లేకపోతే వాసన పట్టుకొని యాడికొస్తది? మన వాకిట్లకే."

గొంతు పెంచకుండానే చెప్పింది. తప్పు నాదని, అతన్ని పురమాయించింది నేనని చెప్పాను. రాజేశ్వరి అప్పుడు నోరు తెరిచింది. "నువ్వు చెప్తవక్కా. ఆయన మెదడు యాడ పెట్టిండు?" అందరూ నవ్వారు, సమ్మయ్య తప్ప. వాళ్లలో వాళ్లు కోయలో ఏదో మాట్లాడుకుని, తిరిగి పోసి రమ్మన్నారు.

రెండు తట్టలూ నెత్తిన పెట్టుకుని మళ్లీ వాగు దాకా నడిచాం. కుప్పగా పోయబోతే వెంట వచ్చిన రాజేశ్వరి ఆపి, రాలినట్టే చల్లమంది. చల్లుతుంటే నా ప్రసంగమే ఒకటి నాకు గుర్తొచ్చింది. ఎడారిలో జనానికి తెల్లవారుజామున ఆకాశం నుంచి ఆహారం రాలిన సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో. ఎవరి పూటకు తగినంత వాళ్లు ఏరుకోవాలి, ఆశపడి మిగుల్చుకున్నవాడి కుండలో తెల్లారేసరికి పురుగులు. బల్ల గుద్ది మరీ చెప్పాను. అదే ఆహారం తేనె రుచితో నా కాళ్ల ముందు రాలితే, రెండు తట్టలకెత్తి దాన్ని కష్టపడటం అన్నాను.

సమ్మయ్య చివరి గుప్పెడు చల్లి, ఖాళీ తట్ట చంకన పెట్టుకున్నాడు. "అక్కా, పని ఆపమని నాకు ఎవ్వలూ ఎప్పుడు చెప్పలె," అన్నాడు. ఫోను సిగ్నలు దొరికే దిబ్బ ఒకటే ఉంది ఆ ఊళ్లో. అతను నేరుగా దాని మీదికి ఎక్కి కాంట్రాక్టరుకు రావడం లేదని చెప్పి దిగాడు. ఇక్కడ చోటిస్తారో లేదో ఇంకా తేలనేలేదు. నేను వద్దనలేదు.

వాళ్ల తీర్పులో మాటలుండవు. ఒప్పుకున్న ఇంటివాళ్లు ఒక కట్టె తెచ్చి కొత్తవాళ్ల గుడిసెలో పొయ్యి పక్కన పెట్టి పోతారు. మధ్యాహ్నం మూడు గంటలకు ఏడు కట్టెలు. నాలుగింటికి పదకొండు. నాలుగున్నరకు యాకూబ్ ఆటో వచ్చి హారన్ కొడుతోంది, కన్నమ్మ జాడ లేదు. రాజేశ్వరి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. అప్పుడు కన్నమ్మ నిదానంగా వచ్చి, తెచ్చిన కట్టెను నా చేతికిచ్చింది. "నువ్వే పెట్టు. ఆయనతోని పువ్వు ఏరిపిచ్చింది నువ్వే కద."

పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని పెట్టాను.

ఉద్యోగం మానేసి అడవికి పొండని నేను మీకు చెప్పడం లేదు. అక్కడ ఎండ మండుతుంది, దోమలున్నాయి, దవాఖానా దూరం, పని మన పనికంటే తేలికేమీ కాదు. కానీ ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. బాలింతకూ ముసలికీ ఎలుగుకూ వాటా తీసి, మిగిలినదే తమదనుకునే మనుషులను నేను గ్రంథంలో చదివాను, కళ్లతో చూడటం ఇదే మొదలు. ఆ ఆదివారం మా ముందు గదిలో సోమరితనం గురించి ఎత్తలేదు. దురాశ గురించి మాట్లాడాను, నా పేరుతోనే మొదలుపెట్టి.

మీరు వెళ్లేట్టయితే ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఎండాకాలం మొదట్లో వెళ్లండి, ముందురోజు సాయంత్రానికే చేరుకోండి. పండ్లూ మిఠాయిలూ మొయ్యకుండా చిరిగిన పాత చీర ఒకటి తీసుకెళ్లండి. ఏ చెట్టు కింద పరవాలో వాళ్లే చూపిస్తారు. వాగు ఒడ్డు చెట్టును మాత్రం అడగకండి. దానికి ఆసామి ఉన్నాడు, పొద్దుగూకాక వస్తాడు.