పల్లె అన్నా పల్లి అన్నా

తప్పులు పట్టడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. దానికి జీతం కూడా ఇస్తారని తెలిశాక ఇంకో ఉద్యోగం వెతకలేదు. బెంగళూరులో ఒక కంపెనీ కంపైలర్ తయారుచేస్తుంది. మనుషులు రాసిన ప్రోగ్రామును మిషన్‌కు అర్థమయ్యేలా మార్చి, తప్పుంటే ఏ ఫైలులో ఏ వరుసలో ఉందో చెప్పేదే కంపైలర్. అది సరిగ్గా చెబుతోందా లేదా అని చూసేది నేను. ధర్మవరంలో మా ఆయన పట్టుచీరల కొట్టు మీది గదిలో కూర్చుని చూస్తాను. కిటికీ తీస్తే కీబోర్డు నిండా దుమ్ము, మూస్తే ఉక్కపోత. అయినా పెళ్లికి ముందు బెంగళూరు హాస్టల్లో ఉండి చూసినదాన్ని, మళ్లీ ఆ బతుకు నాకొద్దు. ఇంటి నుంచే పని చేస్తానని పంతం పట్టి ఒప్పించుకున్నాను.

దానికే మొన్న ఎసరు పెట్టారు.

పెద్ద ప్రోగ్రాములను ముక్కలు చేసి వేర్వేరు ఫోల్డర్లలో పెడతారు. ఒక్కో ముక్క ఒక మాడ్యూలు. కంపైలర్ చెప్పవలసిన జవాబును మేం ముందే ఒక ఫైలులో రాసిపెట్టుకుని, అది చెప్పిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చుతాం. ఫైలు ఏ ఫోల్డరులో ఏ ఫోల్డరు లోపల ఉందో తెలిపే పాత్ కూడా ఆ జవాబులో ఉంటుంది. అవన్నీ ఎప్పుడో ఆఫీసు మిషన్లలో రాసినవి. అక్కడ అందరిదీ ఒకే అమరిక కాబట్టి సరిపోయేవి. కొత్త వెర్షన్‌కు ఎవరి మిషన్లో వాళ్లు పరీక్షలు నడపాలన్నారు. నా లాప్‌టాప్‌లో పాత్ వేరు. కంపైలర్ చెప్పింది నిజమే అయినా పరీక్షలు వరసపెట్టి ఫెయిలయ్యాయి.

మా టీముకు పెద్దగా ఉన్నాయన నల్లమాడ వైపు మనిషి. ఫోన్ చేశాడు.

"ఏమ్మా, అందరికీ పాసైతాండాది. నీకొక్కదానికే ఫెయిలంటే నీ మిషన్లోనే ఏందో తేడా ఉండాది. సోమవారం రిలీజు. ఆ లోపల కాకుంటే ఈడికొచ్చి కూచో. ఇంగ ఆడ కుదర్దు."

"నా మిషన్‌కేం రోగం లేదన్నా. మీ పరీక్షలే ఆఫీసు గడప దాటి లోకం చూడల్యా," అన్నాను.

అన్నాక చేసి చూపించాలి కదా. పాత్‌లో మిషన్‌ను బట్టి మారే మొదటి భాగాన్ని తీసేసి, దాని బదులు అందరికీ ఒకే మాట పెట్టాను. పోల్చే ముందు రెండు జవాబులకూ అదే జరిగేలా చిన్న ప్రోగ్రాము రాశాను. విండోస్‌లో ఫోల్డర్ల మధ్య గీత ఒకవైపు వాలుతుంది, మిగతావాటిలో ఇంకోవైపు. రెంటినీ ఒకే వైపుకు వాల్చాను. పాత్ మొత్తం పీకేసి ఫైలు పేరొక్కటే ఉంచితే గొడవ వదిలిపోతుంది కదా అని ఒకరు సలహా ఇచ్చారు. ఒకే పేరున్న ఫైళ్లు రెండు ఫోల్డర్లలో ఉంటే తప్పు ఎందులోదో ఎలా తెలుస్తుంది? ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేం అన్నాను. పరీక్షలన్నీ పాసయ్యాయి, ఒక్కటి తప్ప.

అందులోని మాడ్యూలుకు సోమందేపల్లె అని నేనే పేరు పెట్టాను. అందులో సమాచారం నింపే ఒక మూట ఉంది, దాని పేరు బస్తా. ప్రోగ్రాములో ఒక భాగం ఆ బస్తాను నింపుతుంది, ఇంకో భాగం అదే బస్తాను దించుకుంటుంది. ఇంతే పరీక్ష. నా దగ్గర మాత్రం "సోమందేపల్లి దొరకలేదు" అని వస్తోంది. పల్లి ఎక్కడిదిరా అని, ఆ పరీక్ష రాసిన మా టీములోని గోదావరి వైపు అబ్బాయికి ఫోన్ చేశాను.

"మా వైపు ఊళ్లకి పల్లి అనే రాస్తామండీ. దించుకునే చోట అలవాటులో పడిపోయింది. ఆ పేరు దొరకట్లేదని కంపైలర్ అంటే, పల్లి పేరుతో ఒక షార్ట్‌కట్ పెట్టానండీ. తెరిస్తే మీ పల్లెలోకే వెళ్తుంది," అన్నాడు నవ్వుతూ.

ఒక్క అక్షరం దిద్దడానికి బద్ధకించి ఊరికి దొడ్డిదారి వేశాడు మహానుభావుడు. ఆ షార్ట్‌కట్‌లో ఆఫీసు మిషన్ పాత్ రాసి ఉంది, అందుకే నా దగ్గర ఎక్కడికీ పోలేదు. దాన్ని సరిచేయగానే ఆ పరీక్షా పాసైంది. శుక్రవారం సాయంత్రానికి తెరంతా పచ్చగా వెలిగింది. బెంగళూరు గండం గడిచింది.

అక్కడితో లాప్‌టాప్ మూసేస్తే సరిపోయేది. నా గుణం ఊరుకోనిస్తుందా? ఆ పరీక్షకు రావలసిన జవాబు అని రాసిపెట్టినదాన్ని తెరిచి చదివాను. "సోమందేపల్లెలో నింపిన బస్తా వేరు, సోమందేపల్లిలో దించే బస్తా వేరు. చెల్లదు." ఫోల్డరు ఒకటే, ఫైలు ఒకటే. రెండు పేర్లతో పిలిచేసరికి కంపైలర్ దాన్ని రెండు మాడ్యూళ్లు అనుకుంది. అది అచ్చంగా కంపైలర్ తప్పు. ఆ అబ్బాయి కంపైలర్ ఇచ్చిన జవాబునే రావలసిన జవాబుగా రాసేశాడు. అప్పటి నుంచి మా పరీక్ష ఆ తప్పుకు కాపలా కాస్తోంది.

నాకు భయమేసింది. దీన్ని బయటపెడితే అందరి మిషన్లలోనూ పరీక్ష ఫెయిలవుతుంది, రిలీజు ఆగుతుంది. ఇంట్లో కూర్చోబెడితే ఇంతే అని నన్నే అని, బెంగళూరుకు రమ్మంటారు.

మా ఆయన పైకి వచ్చి తెర చూశాడు. "అంతా పచ్చగైంది గదా, మొగమట్ల పెట్టుకున్యావేమి?"

సంగతి చెప్పి, "జరీ నకిలీదని తెలిసినంక ఆ చీర నువ్వు అమ్ముతావా?" అని అడిగాను.

"అమ్మను," అన్నాడు. "అయినా నువ్వు పోతే నాకు తోచదు."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా జవాబును దిద్దాను. ఆ పరీక్ష ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడిందో నాలుగు ముక్కల్లో రాసి అందరికీ పంపాను.

మరునాడు పొద్దున్నే మా పెద్ద ఫోన్ చేశాడు.

"ఏమ్మా, పాసైనదాన్ని నువ్వే ఫెయిల్ చేసినావంట?"

"చేసినానన్నా. నేను రాసింది చదివినావా?"

"చదివినా. ఈడ ఇంతమందిమి ఉండాం, ఒక్కరికీ కనపడల్యా." గట్టిగా ఊపిరి వదిలాడు. "రిలీజు ఆపుతాండా."

"అయితే నేను ఆడికి రావల్లనా?" అన్నాను.

"వద్దమ్మా. నువ్వొచ్చి ఈడ కూచుంటే నీకూ పాసైపోతాది. ఆడనే ఉండు."