మా అత్త మెల్లగ మాట్లాడిన దినం

మా అత్త పెంటవ్వ చెయ్యి లేపకుంట ఎవ్వల్నీ ప్రేమించలేదు. పిల్లను సూడనీకి మా ఇంటికి అచ్చిన రోజే, నేను చాయ్ ఇయ్యబోతుంటే నా ఈపు మీద ఒక్కటి సరిచి, "గట్టిగనే ఉన్నది పిల్ల, చెరుకు మోపు ఎత్తుతది" అన్నది. మా అమ్మ కండ్లల్ల నీళ్లు దిరిగినయి. నాకైతే నెత్తికెక్కింది కోపం. గిసుంటి ఇంటికి నన్నిస్తరా అని మా బాపుతోని లొల్లి వెట్టుకున్న. ఆయన నవ్విండు. ఇగ పెండ్లయింది, మోస్రా పక్కన ఈ ఊరికి అచ్చి పడ్డ.

ఇల్లంటే పెద్దదేం కాదు. ముంగట వాకిలి, ఎన్కాల కోళ్ల గూడు, కాలువ దాటితే మా చెరుకు. మా ఇంటాయన శేఖర్ చేను సూసుకుంటడు. నేను బీడీలు చేస్త. మాకొక్క బిడ్డ హర్షిణి, ఒకటో తరగతి. ఇంట్ల రాజ్యమంతా మా అత్తదే.

పొద్దుగాల లేస్తనే ఆమెకు కోతులతోని కొట్లాట. అవి ఇంటి మీది పెంకలు లేపుతయి, ఆమె కట్టె లేపుతది. ఒకసారి ఇంతెత్తు మొగకోతి హర్షిణి చేతిల రొట్టె గుంజుకపోతుంటే, మా అత్త దాని తోక దొరకబట్టి నేలకేసి కొట్టింది. అది మల్లి ఆమె మోచెయ్యి కండ పీకింది. రక్తం కారుతుంటే పసుపు అద్దుకుంట, "మల్లస్తది సూడు, దాని సంగతి చెప్త" అని ఒక్కటే నవ్వుడు. ఆ దినమంతా ఆమె మొఖం పండుగ లెక్క ఎలిగింది. తానం చేస్తుంటే జాలట్ల నీళ్లు పోయే కాడ పాము కనవడితే పారతోని రెండు ముక్కలు చేసి, మిగిలిన నీళ్లు పోసుకొని బయటికచ్చిన మనిషి ఆమె. ఆదివారం కోడిని కోస్తే గోడకు రక్తం చిమ్మాలె, కార్జం హర్షిణి తినాలె. తినకపోతే నెత్తి మీద మొట్టికాయ.

హర్షిణి తానం సూడాలె మీరు. బర్రెను తోమినట్టు తోముతది. "నీ జిమ్మడ, మెడ మీద గీ మట్టి ఏడికెళ్లి తెచ్చినవే" అనుకుంట చెంబుతోని మీద గుమ్మరిస్తది. పిల్ల ఏడుస్తది, నవ్వుతది, మల్ల ఏడుస్తది. అయినంక ఇద్దరు ఒక్క కంచంల తింటరు. రాత్రి ఆమె కడుపు మీద కాలెయ్యకపోతే దానికి నిద్ర రాదు.

జమేదార్ అని కుక్క ఉండె మాకు. ఎవ్వడో పాపిష్టోడు సంచిల కట్టి కాలువల పడేస్తే, మా అత్త చీర దోపుకొని దుంకి తీసిన పిల్ల అది. మూడు నాలుగేండ్లల్ల దూడంత అయ్యింది. పొద్దుగాల ఆమె కాలుతోని దానికి డొక్కల ఒక్కటి తంతది. అది బోర్లపడి, లేచి, తోకాడిచ్చుకుంట మీదికి దుంకుతది. తన్ను పడ్డంకనే కంచం ముడ్తది. నేను తంటె మాత్రం కరవనీకి అస్తది. అదీ దాని లెక్క.

ఇగ మందు ముచ్చట.

మా దిక్కు మందు అంటే ఒక్కటి కాదు. జరమొస్తే మింగేది మందు, పైరుకు కొట్టేది మందు, సీసల తాగేది మందు, గిట్టనోని అన్నంల కలిపేది గూడ మందే. పటాకులల్ల కూరేదీ మందే. మా ఇంట్ల మాత్రం మందంటే సీసనే. శేఖర్ తాగేటోడు. తాగి అచ్చిన ప్రతిసారి మా అత్త సీసను బండకేసి కొట్టి, అదే చేత్తోని కొడుకును కొట్టేది. ఆఖరికి పోశవ్వ గుడి ముంగట ఒట్టు వెట్టిచ్చింది. మానేసిండు. నిజంగనే మానేసిండు, అబద్ధం చెప్ప.

ఆ యేడు అడవి పందులు చెరుకుల పడ్డయి. తినేది తక్వ, తొక్కేది ఎక్వ. పక్క చేను నర్సింలు కట్టె పట్టుకొని కొట్టబోతే, ఒక పంది ఆయన తొడ మోకాలు దాక చీరింది. తెల్లగ ఎముక కనవడ్డది. ట్రాక్టర్ల ఏసుకొని పోతుంటే తొవ్వంత రక్తమే. అది సూసినంక శేఖర్ మనిషి మనిషిల లేడు. పళ్లు కొరుకుకుంట తిరిగిండు. ఏడికెళ్లి తెచ్చిండో నాకు చెప్పలే గని, పందులు కొరికితే పేలే ఉండలు తెచ్చి చెరుకు గట్టు పొంటి పెట్టిండు. పెట్టినోడు పెట్టినట్టే నాతోని చెప్పాలె గద! చెప్పలే. నేను వద్దంటనని తెలుసు.

తెల్లారి నేను బీడీలు అప్పజెప్పనీకి సెంటర్‌కు పోయిన. మా అత్త వాకిట్ల ఎండుమిరపకాయలు దంచుతున్నది. శేఖర్ బోధన్‌ల ఏదో పనుండి బండి చాలు చేసి, ఆ చప్పుట్లనే ఒర్రిండట: "అవ్వా! గట్టు పొంటి మందు వెట్టిన! అటు దిక్కు ఎవ్వలు పోవద్దు!"

గంతే. బండి పోయింది.

ఇంటికచ్చి సూస్తే రోట్ల మిరపకాయలు సగమే దంచి ఉన్నయి. రోకలి లేదు, అత్త లేదు, పిల్ల లేదు. ఎదురింటి గంగమణి అరుగు మీద కూసొని పడి పడి నవ్వుతున్నది.

"మీ అత్త రోకలి పట్టుకొని చేన్లకు పోయింది పుష్పా. శేఖర్ మల్ల షురూ చేసిండట గద. చేన్ల సీసలు దాసి, పైంగ అవ్వనే రావద్దన్నడట. ‘ఒక్క సీస గూడ ఉంచ’ అనుకుంట పోయింది. పిల్లా కుక్కా ఎంబడే పోయినయి."

నాకూ మండింది. పోశవ్వ మీద ఒట్టేసి గిట్ల చేస్తడా అని అక్కడ్నే నిలవడి ఫోన్ కొట్టిన. "సిగ్గు లేదా నీకు? మల్ల తాగుతున్నవా?" అన్న.

"ఏం తాగుడే? ఎవ్వలు చెప్పిండ్రు?"

"గట్టు పొంటి మందు వెట్టినవట గద!"

ఆయన గొంతు పిల్లగాని గొంతు లెక్క అచ్చింది. "పుష్పా, అది పందుల మందే. ఉండలు. ముడితే పేలుతయి. అవ్వకు చెప్పిన గదనే... పిల్ల ఏడున్నదే?"

ఫోన్ ఏడ పడ్డదో తెల్వది. ఉరికిన. చెప్పులు కాలువ కాడ ఇడ్సిన, కొంగు ముండ్ల కంపకు చినిగింది. దమ్ము రాకుంట ఉరికిన. "పోశవ్వ తల్లీ, నన్ను తీస్కపో, నా బిడ్డనిడువు" అని ఏడ్చుకుంట ఉరికిన.

గట్టు ఎక్కి సూస్తే మా అత్త వంగి, చెరుకాకును రోకలితోని పాపుకుంట, కొడుకును తిట్టుకుంట పోతున్నది. ఆమెకు జర ముంగట, కాలువ తూము కాడ హర్షిణి నిలవడ్డది. దాని అరచేతిల ఉండ. బెల్లం లడ్డును సూసినట్టు తిప్పి తిప్పి సూస్తున్నది. జమేదార్ ఎనక కాళ్ల మీద లేచి ఆ చేతికి మూతి పెడ్తున్నది.

అత్త పక్కకు పోయి, "అత్తా, సీసలు కావు. పందుల మందు" అన్న. అంతే మాట.

ఆమె లేచి పిల్ల చెయ్యి సూసింది. నేను "హర్షిణీ" అని ఒర్రబోయిన. ఎన్కకు మర్రకుంటనే నా నోటి మీద చెయ్యి వెట్టి బలంగ ఒత్తింది, పండ్లు గుచ్చుకొని పెదిమ తెగింది. ఎందుకో నాకు గప్పుడు సమజైంది. మా ఇంట్ల ఎవ్వలన్న గట్టిగ ఒర్రితే, చేతిల ఏదున్నా నేలకేసి కొట్టి ఉరుకుడు హర్షిణికి అలవాటు. రోజూ చేసేదే. బెల్లం ముక్క, అత్త డబ్బల పైసలు, ఏదైనా గంతే.

మా అత్త రోకలిని మెల్లగ నేల మీద పండవెట్టింది. తర్వాత మాట్లాడింది.

"నా బంగారు తల్లీ" అన్నది.

ఆ గొంతు నేను పెండ్లయి అచ్చినంక ఎన్నడు ఇనలే. ఆ గొంతు ఆమె లోపట ఉన్నదని గూడ నాకు తెల్వది. "ఎంత మంచిగున్నది బిడ్డా నీ ఉండ. బాపమ్మకు జర సూపెడ్తవా? ఒత్తకు తల్లీ. పువ్వును పట్టినట్టు పట్టు. నేనే అస్తున్న."

హర్షిణి సూసింది. ఉండను కాదు, ఆమె మొఖాన్ని.

"బాపమ్మా, నువ్వు సచ్చిపోతున్నవా?"

"లేదమ్మా. నేనేడికి పోత?" అనుకుంట ఒక్కొక్క అడుగు ఏసింది. దగ్గరికి పోయి, చిన్న పిట్టను ఎత్తుకున్నట్టు రెండు చేతులతోని ఆ ఉండను తీస్కున్నది. "అమ్మ కాడికి పో. మెల్లగ నడువు బిడ్డా."

పిల్ల బుగులు పడి, చెప్పినట్టే నడిచి అచ్చింది. ఎన్నడు మాట ఇననిది ఆ పూట ఇన్నది. దాన్ని గుంజి నా కడుపుకు అదుముకున్న.

ఇగ కుక్క మిగిలింది. దానికి ఆ ఉండ వాసన పట్టింది. మా అత్త చెయ్యి పైకెత్తితే అది ఆమె రొమ్ము మీదికి దుంకింది. కాలుతోని తన్నింది. బోర్లపడి, లేచి, తోకాడిచ్చుకుంట మల్లచ్చింది. ఇంకా గట్టిగ తన్నింది, డొక్క ఎముక చప్పుడు నాకు ఇనబడ్డది. అది కుయ్యిమని, మల్ల సంబురంగ మీదికచ్చింది. దానికి ఆమె తన్ను అంటే ముద్దు. దూరం ఇసిరేస్తే నోటితోని పట్టుకరానీకి ఉరుకుతదని ఆమెకు తెలుసు. ఉండను కాలువ నీళ్లల్ల ముంచనీకి చెయ్యి లేపుకొనే గట్టు దిగింది. "పో బిడ్డా, ఇంటికి పో జమేదార్, నీ కాళ్లు మొక్కుత" అన్నది. ఆ మాటలు దానికేం తెలుసు?

తడి మట్టికి ఆమె కాలు జారింది. చెయ్యి కిందికచ్చింది. కుక్క అందుకున్నది. ఆమె దాని నోట్లకెళ్లి గుంజబోయింది.

చెవులు పోయినయి నాకు. పొగ, మట్టి, తెగిన చెరుకాకు మీద పడ్డయి. పొగ పోయినంక సూస్తే జమేదార్ నిలవడే ఉన్నది. దాని కింది దౌడ లేదు. తోక మాత్రం ఆడుతున్నది. తర్వాత పడ్డది. మా అత్త కుడి చేతి వేళ్లు రెండు తోలు మీద ఏలాడుతున్నయి, మొఖమంత రక్తం. ఆమె కూసొని కుక్క తలను ఒడిల వెట్టుకొని, ఎడమ చేత్తోని దాని డొక్కల కొట్టుకుంట, "లే, నీ పాడుగాను, లెవ్వురా, లే" అని ఒర్రుతనే ఉన్నది. అది లేవలే.

నిజామాబాద్ దవాఖానల ఆ రెండు వేళ్లు తీసేసిండ్రు. పోలీసులచ్చిండ్రు. శేఖర్ ఏం దాసలే, తనే పోయి మిగిలిన ఉండలు ఏడేడున్నయో సూపెట్టిండు. ఆయన్ను తోల్కపోయిండ్రు. బెయిలు మీద ఇంటికి అచ్చిన దినం, ఇగ అత్త ఈయన్ను నరుకుతదని ఊరంత మా వాకిట్లనే ఉన్నది. నేనైతే తలుపు తీస్తనే చాయ్ గిన్నె మొఖం మీదికి ఇసిరిన, మంచిగ తాకింది.

మా అత్త మాత్రం, "అచ్చినవా బిడ్డా. కాళ్లు కడుక్కో, బువ్వ తిందువు గని" అన్నది. ఆ మెల్లగొంతుతోనే.

గప్పటిసంది గదే గొంతు. తిట్టు లేదు, దెబ్బ లేదు. కోతులచ్చి బియ్యం సంచి చింపితే గోడకు ఆనుకొని సూసింది. హర్షిణి కావాలెనని మామిడికాయ తొక్కు జాడీ కింద పడేసి, ఉరుకనీకి తయారుగ నిలవడ్డది. "పోనీ తల్లీ, కాలుకు గుచ్చుకుంటది, జరుగు" అన్నది. పిల్ల నా దగ్గరికి అచ్చి, "అమ్మా, దవాఖానల బాపమ్మను మార్చిండ్రా?" అని అడిగింది. రాత్రి ఆమె పక్కకు పోతలేదు. శేఖర్ ముద్ద మింగుతలేడు. "ఒక్కటి కొట్టవే అవ్వా" అని కాళ్ల కాడ కూసుంటడు. "ఎందుకు కొడ్త బిడ్డా, పో, పండుకో" అంటది. ఆ మాటకు మొగోడు ఎక్కెక్కి ఏడుస్తడు. నాకు ఆయన మీద కోపం తగ్గలే గని, ఆ ఏడుపు ఇనలేకపోయిన. ఇంట్ల శవం లేసిన తెల్లారి లెక్క ఉంటుండె రోజూ.

ఒకనాడు పొద్దుగాల నేను వాకిట్ల బీడీలు చేస్తున్న. అత్త గోడకు కూసున్నది. శేఖర్ అంగిల ఏదో దాసుకొని అచ్చిండు. తీసి ఆమె ఒడిల వెట్టిండు. కండ్లు గూడ సక్కగ తెరవని కుక్కపిల్ల.

"సూడే అవ్వా, జమేదార్ మల్లచ్చిండు" అన్నడు.

మా అత్త దాన్ని ఎత్తి నా ఒడిల పెట్టింది. నా చాట గుంజుకున్నది. ఆకు, తంబాకు వాకిలంత లేసినయి. ఆ చాట ముక్కలయ్యేదాక కొడుకును కొట్టింది. తర్వాత చెప్పు తీసింది. తర్వాత ఒట్టి చెయ్యే, ఎడమ చెయ్యి, సెంపల మీద, నెత్తి మీద, ఈపు మీద. "మల్లచ్చిండా? ఏడికెళ్లి అస్తడురా? దౌడ పోయినంక ఏడికెళ్లి అస్తడు? మందంటవా! మందు వెట్టిన అంటవా! పందుల మందు అననీకి నీకు నోట్ల ఏం అడ్డమచ్చిందిరా! నా పిల్ల చేతిల పెట్టినవు గదరా!" శేఖర్ పెదిమ పగిలింది, ముక్కుల రక్తం కారింది. చేతులు కిందికేసి నిలవడ్డడు, ఒక్క అడుగు ఎన్కకు ఎయ్యలే. గంగమణి ఆపనీకి ఉరికస్తే నేను దాని చెయ్యి దొరకబట్టిన. "ముట్టకు" అన్న.

చెయ్యి లేవనంత దాక కొట్టి, కింద కూలవడి, "జమేదారూ" అని ఊరంత ఇనేటట్టు ఏడ్చింది. ఆ చేన్ల ఏడ్వని ఏడుపంతా గప్పుడు ఏడ్చింది. మేమందరం ఏడ్చినం.

శాన సేపటికి ముక్కు చీదుకొని తలెత్తింది.

"రేయ్, దాన్ని ఏడికెళ్లి తెచ్చినవో ఆడ్నే తల్లి కాడ ఇడ్సిరాపో. పాలు మరవనిది, సస్తదిరా దొంగ నా కొడకా. జల్ది రా, బువ్వ సల్లారుతది."

శేఖర్ అంగితోని రక్తం తుడుసుకొని, కుక్కపిల్లను తీస్కొని పోయిండు. హర్షిణి తలుపు సందులకెళ్లి కండ్లు పెద్దగ చేసి సూస్తున్నది.

"నువ్వేం సూస్తున్నవే, నీ జిమ్మడ!" అని ఒర్రింది మా అత్త. పిల్ల చేతిల ఉన్న పలక నేలకేసి కొట్టి ఉరికింది, ఉరికి ఆమె మెడల పడ్డది.