డబ్బుకి కొత్త పండుగ

మా పెద్దమ్మ మూడు వానాకాలాలుగా గొడుగు కింద పడుకుంటోంది. బయట కాదు, తన ఇంట్లోనే. పైన గడ్డి కుళ్ళిపోయి వాసాల మధ్య నుంచి మబ్బులు కనిపిస్తాయి. ఆమె మంచం మీద తలవైపు గొడుగు తెరిచి, పిడిని మంచంకోడుకి తాడుతో కట్టుకుంటుంది. కాళ్ళు మాత్రం తడుస్తాయి. "కాళ్ళకేటి, పొలంలో తడవవేటి?" అంటుంది. మంచం పక్కకి జరుపుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. మిగతా చోట్ల గొడుగు కూడా సరిపోదట.

ఆ గొడుగు నీలంరంగుది, శుక్రవారం సంతలో ఊరికే వచ్చింది. సిమ్ములు అమ్మే ఒకతను రోడ్డు పక్కన బల్ల వేసుకుని, సిమ్ము తీసుకుంటే గొడుగు ఉచితం అన్నాడు. పెద్దమ్మకి ఫోను లేదు, ఇప్పటికీ లేదు. అయినా అతని యంత్రం మీద వేలిముద్ర వేసి, సిమ్మూ గొడుగూ తెచ్చుకుంది. సిమ్మెందుకు అని మా అమ్మ అడిగితే, "అది నేకపోతే గొడుగివ్వనన్నాడే" అంది.

మా ఊరు అనంతగిరి దాటాక, అరకు వెళ్ళే దారి నుంచి పక్కకి దిగి కాసేపు నడిస్తే వస్తుంది. కాఫీ తోటలూ, సామ, రాగి మళ్ళూ ఉంటాయి. నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉంటున్నాను. ఊళ్ళో నాకున్న ఉద్యోగం ఒకటే, అందరి ఫోన్లకి వచ్చే ఇంగ్లీషు మెసేజీలు చదివి చెప్పడం. సిగ్నలు కాఫీ తోట మలుపు దగ్గరున్న పెద్ద బండ మీద తప్ప దొరకదు. అక్కడ నిలబడి నేను చదువుతుంటే, "గట్టిగా సదువే గుంటా, బేంకోడు నీ సెవిలో సెప్పినాడేటి?" అంటారు. నా గొంతు అంతకంటే పైకి లేవదు. చెప్పలేని మాటలన్నీ ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాసుకుంటాను.

ఈసారి బళ్ళు తెరిచే రోజుల్లో, బడికి వెళ్ళే పిల్లలున్న తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం డబ్బు వేస్తుందని తెలిసింది. మా అమ్మకి మా చెల్లి ఉంది. పెద్దమ్మకి హాస్టల్లో చదివే కూతురు ఉంది, కానీ ఆమె పేరు జాబితాలోకి ఎక్కడం ఇదే మొదటిసారి. డబ్బు వస్తే వానలు పట్టుకునేలోపు ఇంటిపైన రేకులు వేయించాలని పెద్దమ్మ పట్టుదల.

"సదువుకిచ్చిన డబ్బుతో రేకులేటే?" అంది మా అమ్మ.

"పిల్ల సెలవులకొచ్చి పుస్తకం తెరిస్తే తడవకుండా ఉండాల గదా. అదీ సదువే," అంది పెద్దమ్మ.

ఒక ఉదయం బండ మీద ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. నేను వరసగా చదివాను. ఫోనున్న అందరికీ పడింది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ దిగబోతుంటే దిసారి తాత చెయ్యెత్తి ఆపాడు. మాకు మంచి రోజులు చూసేదీ, దేవతతో మాట్లాడేదీ ఆయనే.

"సిక్కుడుకాయ కొత్త సెయ్యకుండా తింటామేటి? మామిడికాయ తింటామేటి? మరిది కొత్త డబ్బు. కొత్త కాకుండా ముట్టుకోకూడదు," అన్నాడు.

మాకు ఏ పంట వచ్చినా ముందు దేవతకి పెట్టి కొత్త పండుగ చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటాం. ముందే తిన్న ఇంటికే కాదు, ఊరికంతటికీ కీడు అంటారు. కానీ బ్యాంకులో పడ్డ డబ్బుకి కొత్త చేయడం ఎవరూ వినలేదు. తాత దగ్గర సాక్ష్యం ఉంది. కిందటిసారి కొత్త చేయకుండా తీసిన డబ్బు ఏమైందో అందరికీ తెలుసు. ఎదురింటి మావ కూలరు కొన్నాడు. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునే కొండల్లో కూలరు. ఇప్పుడు అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

తాత వేళ్ళు మడిచి లెక్కపెట్టి తొమ్మిది రోజులు ఆగాలన్నాడు. మగవాళ్ళు గొణిగారు. ఆడవాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. భర్తలు తొమ్మిది రోజులు డబ్బు జోలికి రాకుండా దేవతే కాపలా కాస్తానంటే వద్దనేదెవరు?

అంతా అయ్యాక పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నాదేటి సెప్పనేదు?"

ఆమె బ్యాంకు పుస్తకం మీద మా అమ్మ నంబరే రాయించాం. ఫోను అటూ ఇటూ తిప్పి చూశాను. అమ్మ డబ్బు మెసేజి ఒక్కటే ఉంది. "వస్తుందిలే పెద్దమ్మా," అన్నాను.

నాలుగు రోజులైనా రాలేదు. ఈలోపు నేనొక పని చేశాను. శుక్రవారం సంతకి వెళ్తుంటే అమ్మ ఏటీఎం కార్డు ఇచ్చి, డబ్బు నిజంగా ఉందో లేదో చూసి రమ్మంది. చూడమంది, అంతే. నేను యంత్రంలో చూశాను, ఉంది. అక్కడితో కార్డు తీసుకుని వచ్చేయాలి. కానీ పక్క దుకాణంలో గట్టి అట్ట ఉన్న పెద్ద నోటుపుస్తకం వేలాడుతోంది. నా పాతది కిందటి వానలో ఉబ్బి రొట్టెలా అయింది. ఒక్క వంద తీశాను. నేను చదువుకున్నదాన్ని, బ్యాంకు డబ్బు చిక్కుడుకాయ కాదని నాకు తెలుసు అనుకున్నాను. దారంతా నోటుపుస్తకాన్ని పైట కింద దాచుకుని నడిచాను.

అయిదో రోజు ఆకాశం నల్లబడి రెండు చినుకులు రాలాయి. పెద్దమ్మ తాత దగ్గరికి వెళ్ళి, ఊరందరికీ వచ్చిన డబ్బు తనకే ఎందుకు రాలేదో అడిగింది. తాత అందర్నీ బండ దగ్గరికి పిలిచాడు. చేటలో బియ్యం పోసి, వేళ్ళతో రుద్దుతూ చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ఎవులో కొత్త కాకముందే తిన్నారు. అందుకే ఈ మడిసి డబ్బు దారి తప్పినాది," అన్నాడు.

అందరూ కూలరు మావ వైపు చూశారు.

"నాను తిననేదు!" అన్నాడు మావ. "ఎంతుందో సూసినానంతే."

"సూడ్డమంటే వాసన సూసినట్టే గదా?" అంది మా అమ్మ.

"వాసన సూస్తే తిన్నట్టేటి? నీ ఇంట్లో కూర వాసన రోజూ సూస్తన్నాను, కడుపు నిండతందేటి?"

వెనక నుంచి ఒకామె, ఆ డబ్బుతో ఫోను రీఛార్జి చేయించానని మెల్లగా ఒప్పుకుంది. రీఛార్జి తిండి అవుతుందా అని పెద్ద చర్చ నడిచింది. అది గాలి లాంటిది, కడుపులోకి వెళ్ళదు కాబట్టి తప్పులేదని ఒకరన్నారు. గాలి అయితే మూడు నెలలకోసారి ఎందుకు అయిపోతుందని ఇంకొకరు అడిగారు. చివరికి తాత, రీఛార్జి తిండి కాదు, నీళ్ళు తాగినట్టు అని తేల్చాడు. నీళ్ళు తాగొచ్చు.

పెద్దమ్మ ఈ గొడవ వినడం లేదు. మబ్బుల్ని చూస్తోంది. నీలం గొడుగు చంకలో ఉంది. నోటుపుస్తకానికీ ఆమె డబ్బుకీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ నేను నోరు విప్పకపోతే ఈ మనుషులు వానలు వచ్చేదాకా కూరల వాసన గురించే మాట్లాడేలా ఉన్నారు.

"నేను తిన్నాను," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి ఎలా వచ్చిందో తెలియదు, ఎదురు కొండ మీదికి కూడా వినబడేలా వచ్చింది.

"ఏటి తిన్నావు?" అన్నాడు తాత.

"నోటుపుస్తకం."

మావ, "సదువుకున్నోళ్ళు పుస్తకాలు తింటారని నాను ముందే సెప్పినాను," అన్నాడు. అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

తాత తప్పు వేశాడు. దేవతకి ఒక ఎర్రకోడి ఇచ్చుకోవాలి, ఆ తర్వాతే కొత్త. కోడి కొనడానికి మా ఇంట్లో కొత్త డబ్బు తప్ప వేరే డబ్బు లేదు. కొత్త డబ్బు కొత్త అయ్యేదాకా ముట్టుకోకూడదు. కోడి ఇవ్వనిదే కొత్త జరగదు. ఈ ముడి విప్పడానికి ఊరంతా కూర్చుంది. కోడిని అప్పుడే ఇచ్చి డబ్బు తర్వాత తీసుకునేవాళ్ళు ఉన్నారా అంటే ఎవరూ కదల్లేదు. తప్పు తగిలిన ఇంటికి కోడినిస్తే తమకీ అంటుకుంటుందని భయం.

పెద్దమ్మ లేచింది. "నాకు కొత్త డబ్బు రానేదు. మరి నాకు తప్పేటి అంటుకుంటాది? నా ఎర్రకోడి ఇస్తాను."

అది గుడ్లు పెట్టే కోడి. నేను వద్దన్నాను. "నువ్వూరుకో," అంది. "నీ గొంతు ఇయ్యాలే మొదటిసారి విన్నాను. దానికో కోడి పోతే పోనీ."

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తెల్లారగానే ఆమెని వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్ళాను. అంతకుముందు నేనెప్పుడూ ఏ ఆఫీసులోనూ ముందుగా నోరు తెరవలేదు. కంప్యూటరు దగ్గరున్న మేడమ్ ఆధార్ నంబరు కొట్టి చూసింది.

"అందరితోపాటే ఈవిడకీ వేశారు కదా?"

"మా పుస్తకంలో లేదు మేడమ్."

"ఈ బ్యాంకులో కాదు. వేరే ఖాతా ఉంది. ఆధార్‌కి ఏ ఖాతా ఆఖరున కలిస్తే డబ్బు దాంట్లోకే వెళ్తుంది." మేడమ్ తెర మీదకి వంగింది. "ఇది ఏదో సిమ్ముతోపాటు తెరిచిన ఖాతా. మూడేళ్ళయింది. వేలిముద్ర వేసి ఉంటారు కదా?"

పెద్దమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఇద్దరం గొడుగు వైపు చూశాం.

"ఆ సిమ్ము ఎక్కడుందమ్మా?" అంది మేడమ్.

పెద్దమ్మ ఆఫీసు మధ్యలో గొడుగు తెరిచింది. లోపల, విరిగిన ఊచ దగ్గర, చిన్న గుడ్డముడి వేలాడుతోంది. విప్పితే సిమ్ము. "గొడుగుతో వచ్చినాది కదమ్మా. దాంతోనే ఉండాలేమోనని కట్టేసినాను."

మూడు వానాకాలాలు ఆమె ఆ ఖాతా కిందే పడుకుంది.

సిమ్ము అక్కర్లేదనీ, వేలిముద్ర వేస్తే డబ్బు ఇప్పుడే ఇస్తాననీ మేడమ్ యంత్రం ముందుకు జరిపింది. పెద్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇంకా కొత్త కానేదమ్మా."

మేడమ్ నన్ను చూసింది. కొత్త అంటే ఏమిటో చెప్పబోయి ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టినా చిక్కుడుకాయ దగ్గరికే వస్తోంది. బయట వాన మొదలైంది. ఇద్దరం ఒకే గొడుగు కింద, డబ్బు తలమీద పెట్టుకుని ఇంటికి నడిచాం. కొత్తకి మిగిలిన మూడు రోజులూ వాన ఆగలేదు. పెద్దమ్మని మా ఇంటికి రమ్మంటే రాలేదు. డబ్బున్న గొడుగు వదిలి ఎక్కడికి వస్తానంది.

కొత్త పండుగ బండ మీదే జరిగింది. పంట ఎక్కడ దిగితే అక్కడే కొత్త అన్నాడు తాత, ఈ పంట బండ మీద దిగింది. అడ్డాకు పరిచి, దాని మీద మా అమ్మ ఫోను పెట్టి, నేను మెసేజి తెరిచాను. కోడిని కోశారు. తాత ఫోను మీద పసుపు నీళ్ళు చల్లాడు. తడి తగిలి తెర తనంతట తానే కదిలి, ఎవరికో ఫోను వెళ్ళింది. ఒకావిడ గొంతు, తెలుగు కోసం ఒకటి నొక్కండి అంది. తాత చేతులు జోడించి, ఆవిడ చెప్పవలసినదంతా చెప్పి పెట్టేసేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. మేమూ నిలబడ్డాం.

చివర్లో పెద్దమ్మ గొడుగు తెచ్చి ముందు పెట్టింది. తన డబ్బు ఫోనులో రాలేదు, దీనిలో వచ్చింది, కాబట్టి దీనికే బొట్టు పెట్టాలంది. తాత బొట్టు పెట్టాడు. పెట్టాక, బొట్టు పెట్టి దేవత ముందుంచినది మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళకూడదన్నాడు. గొడుగు తెరిచి, పొడుగాటి వెదురుకర్రకి కట్టి బండ పగుల్లో నిలబెట్టారు. వాన పడుతూనే ఉంది.

పెద్దమ్మ తలమీద చెయ్యి పెట్టుకుని అంది, "దేవతకి గొడుగిచ్చినాను. మరి నాకేటి?"

"బేగి రేకులు తెచ్చుకో," అన్నాడు తాత.

ఆ రోజే సచివాలయానికి వెళ్ళాం. యంత్రం రెండుసార్లు ఆమె వేలిని గుర్తుపట్టలేదు, మూడోసారి పట్టింది. రోడ్డు దగ్గర ఆటో దింపిన రేకుల్ని ఊరివాళ్ళు ఇద్దరికొకటి చొప్పున నెత్తిన పెట్టుకుని, వానలో తడవకుండా మోసుకొచ్చారు. మోయడానికి అంతమంది వస్తారని నేను అనుకోలేదు. మావ అందరికంటే ముందున్నాడు. రేకు కింద నుంచి, తన కూలరుకి కూడా కొత్త చేయించవచ్చా అని తాతని అడుగుతున్నాడు.

డబ్బు దొరికింది సచివాలయంలో అని నేను చెప్పి చూశాను. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కోడి వల్ల దొరికిందంటారు. గొడుగు ఇంకా బండ మీదే ఉంది. వానలో సిగ్నలు కోసం వెళ్ళినవాళ్ళంతా దాని కింద నిలబడి మాట్లాడుకుంటారు.

మొన్న మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లో కూర్చుని ఇదంతా రాస్తున్నాను. రేకుల మీద వాన గోల చేస్తోంది. పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. పుస్తకం మీద ఒక్క చుక్క పడలేదు. పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తూ ఏదో అంది. వినబడలేదని సైగ చేశాను. దగ్గరికి జరిగి నా చెవి దగ్గర అరిచింది.

"అందులో నా కోడి గురించి రాసినావా?"

"రాశాను," అని నేనూ అరిచాను.

"గుడ్లు పెట్టేదని రాసినావా?"

ఆ ముక్క రాయలేదు. పుటలు వెనక్కి తిప్పి, వరసల మధ్య ఇరికించి రాశాను. ఆమెకి చదవడం రాదు కాబట్టి, ఎక్కడ రాశానో వేలు పెట్టి చూపించాను.