పార్లమెంటు పొరపాటు

అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవాళ్ళు రెండు రకాలు. ఉద్యోగం వచ్చినవాళ్ళు, వచ్చిందని ఇంట్లో చెప్పినవాళ్ళు. నేను రెండో రకం.

అంటే మరీ పచ్చి అబద్ధమేమీ ఆడలేదు. "కంప్యూటర్ ముందు కూర్చునే పనమ్మా, పంజాగుట్టలో" అన్నాను. అది అక్షరాలా నిజం. శుభలేఖలూ కరపత్రాలూ కంపోజ్ చేసే ఒక డీటీపీ సెంటర్లో తెలుగు టైపు కొట్టేదాన్ని. అమ్మ దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకుంది. నేను కాదనలేదు, అంతే. అసలు సంగతి తెలిస్తే మొదటి బస్సుకే వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి నా ట్రంకు పెట్టెతో సహా బాపట్ల తీసుకుపోతుందని నాకు భయం. అంతకన్నా పెద్ద భయం, ఇంకెప్పుడూ నా మాట నమ్మదేమోనని.

అమ్మ అక్కడి మిషన్ హైస్కూల్లో ఇంగ్లిషు టీచరు. పాస్టరు గారిచ్చిన క్రిస్మస్ కార్డులో స్పెల్లింగు దిద్ది ఆయనకే తిరిగిచ్చిన మనిషి. నేను ఇంటర్ హాస్టల్లో ఉండగా రాసిన ఉత్తరాలు కూడా ఎర్ర సిరా పూసుకుని నా దగ్గరికే తిరిగొచ్చేవి. కింద మార్కులు కూడా వేసేది.

ఆ రోజుల్లో ఢిల్లీలో అణు ఒప్పందం మీద పెద్ద రగడ. మా హాస్టల్లో మాత్రం కరెంటు పోతే తప్ప అణువిద్యుత్తు ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఒకరోజు మా జిల్లా ఎంపీ గారి పీఏ ఇంగ్లిషు కాగితాల కట్ట పట్టుకుని మా సెంటర్‌కి వచ్చాడు. ఎంపీ గారు సభలో చేసిన ప్రసంగాన్ని తెలుగులో చిన్న పుస్తకంగా వేసి, నియోజకవర్గమంతా పంచాలట. నాది బాపట్ల అని తెలియగానే, "ఇంకేంటి, మనమ్మాయే! మీరే తెలుగు చేసెయ్యండమ్మా. వెనక పేజీలో మీ పేరు కూడా వేసుకోండి" అన్నాడు.

పేరు అనేసరికి నేను పడిపోయాను.

ప్రసంగం మంచిదే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థల్లో ప్రభుత్వం దేశం పేరు మీద కూర్చుంటోంది, మాట ఇస్తోంది, సంతకాలు పెడుతోంది. ఏం ఒప్పుకుందో పార్లమెంటుకి మాత్రం పేపర్లో చూస్తేనే తెలుస్తోంది. అడిగితే, ఇది సాంకేతిక విషయం, మీకు అర్థం కాదంటోంది. ఇలా కుదరదు, దీని మీద పార్లమెంటు 'ఓవర్‌సైట్' ఉండాలని ఆయన వాదన. ఆ మాట పన్నెండు చోట్ల ఉంది. జేబు డిక్షనరీ తీసి చూశాను. ఓవర్‌సైట్: పొరపాటు. కింద ఇంకో అర్థం కూడా ఉంది గానీ, అంత కిందికి దిగే ఓపిక నాకు లేదు. నా మనసంతా వెనక పేజీ మీదే ఉంది.

అలా అచ్చయిన వాక్యాలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. "అంతర్జాతీయ అణు సంస్థల్లో మన దేశం వేసే ప్రతి అడుగులోనూ పార్లమెంటు పొరపాటు ఉండి తీరాలి. ఇప్పుడున్న పొరపాటు ఏ మూలకూ చాలదు. మరింత కట్టుదిట్టమైన పొరపాటును ప్రజలు కోరుతున్నారు."

మా సెంటర్ ఓనరు సిద్దిపేట ఆయన. ఇంగ్లిషు రాదు గానీ తెలుగు ప్రూఫులు తనే చదివేవాడు. రెండో పేజీ దగ్గరే ఆగిపోయాడు.

"చెల్లె, గీ సారు పొరపాటు కావాలె, పొరపాటు కావాలె అంటుండేంది? పొరపాటైతే వద్దనాలె గద?"

"అది పార్లమెంటు భాషన్నా. మనకి అర్థం కాదు."

"గట్లనా?" అని తల గోక్కున్నాడు. "నీకు ఎర్కనే గద. నాకేం ఫికర్ లే."

పుస్తకాల కట్టలు బండెక్కి వెళ్ళిపోయాయి. వెళ్ళాక గానీ నాకు తట్టలేదు, నా పేరునీ దాని కిందే పంజాగుట్ట డీటీపీ సెంటర్ అడ్రసునీ నేనే మా ఊళ్ళో పంచిపెట్టిస్తున్నానని. ఆ ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. అమ్మ మాత్రం చర్చి సంగతులూ ఎండల సంగతులూ చెప్పి పెట్టేసింది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. పీఏ కూడా ఫోన్ చేసి, "సూపరమ్మా! జిల్లా అంతా చదివి మెచ్చుకుంటున్నారు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ వారమే హాస్టల్‌కి లావుపాటి కవరొచ్చింది. లోపల ఆ పుస్తకం. పన్నెండు పొరపాట్ల చుట్టూ పన్నెండు ఎర్ర సున్నాలు, ప్రతి సున్నా పక్కనా గుండ్రటి అక్షరాలతో 'పర్యవేక్షణ'. జిల్లా మొత్తమ్మీద దాన్ని చదివింది ఒక్కరేనని అప్పుడర్థమైంది. వెనక పేజీలో 'తెలుగు సేత' దగ్గర ఏ గుర్తూ లేదు. కింద అడ్రసు దగ్గర మాత్రం ఒక ప్రశ్నార్థకం.

ఉత్తరం ముక్క ఏమైనా ఉందేమోనని ప్రతి పేజీ తిప్పాను. లేదు. పుస్తకమంతటికీ ఒకే ఒక్క చోట టిక్కు పెట్టి ఉంది. నేను సరిగ్గా తెలుగు చేసిన వాక్యం అది: "మా పేరు మీద మీరు బయట ఏం చేస్తున్నారో మాకు చెప్పండి. వద్దనడానికి అడగడం లేదు, తెలిసి ఉండాలని అడుగుతున్నాం."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఓనరుకి చూపిస్తే పేజీలన్నీ తిప్పి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "నేనడిగిన గద, చెల్లె" అన్నాడు. తిట్టినా బాగుండేది.

సెంటర్ మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. ఇంటర్వ్యూలు పోయిన సంగతి, శుభలేఖల సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. అమ్మ అడ్డు రాకుండా విన్నది.

"వచ్చి తీసుకుపోతావా?" అన్నాను చివరికి.

"ఎందుకు? టిక్కు పెట్టిన చోట ఏముందో చదవలేదా నువ్వు?"

ఒళ్ళో ఉన్న పుస్తకం తెరిచి ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాను.

"ఇక మీదట అచ్చుకి వెళ్ళేముందు నాకు చూపించు" అంది.

"ప్రూఫులా అమ్మా, ఉద్యోగాలా?"

"రెండూనూ."