గజ్జల్లో బిళ్ల

“మొన్న జ్వరమొస్తే మిరియాల కషాయం తాగిపిచ్చి పండవెట్టినవ్ గదత్తమ్మా. ఇయాల గింత బిళ్ల కడితే దవాఖాన అంటవేంది?”

“అది వేరు, గిది వేరు. ఆ గిన్నె ఆడ వెట్టు. పిల్ల గజ్జల మీద చెయ్యి వెడితే ఊకోను.”

“ఊరంత గదే వెడ్తరు. మర్పల్లిల మా అమ్మ ఎంతమందికి తగ్గిచ్చిందో.”

“మీ అమ్మ బిళ్లను జూసింది. పుండును ఎవ్వరు జూసిండ్రు?”

“అగ్గిపుల్లను నడిమికి చీల్చి గీసే మనిషివి, ఇయాల ఆటో ఎక్కుతనంటున్నవ్. ఏమైంది నీకు?”

ఏమైందో చెప్పడానికి చాప పక్కన కూర్చున్నాను. కోడలి చేతిలో సున్నం, బెల్లం కలిపిన గిన్నె ఉంది. మనవరాలు చాప మీద మోకాలు ముడుచుకుని పడుకుని ఉంది. నాలుగు రోజుల కింద నాపరాయి పెంకు మడమలో దిగింది, ఈ సాయంత్రానికి గజ్జల్లో కుంకుడుకాయంత బిళ్ల లేచింది. కాలికి పుండైతే బిళ్ల కట్టడం, దాని మీద సున్నం బెల్లం పట్టు వేయడం మా వైపు అందరూ చేసేదే కాబట్టి కోడలిని తప్పు పట్టలేను.

మూడో తరగతితో నా చదువు ఆపించి తాండూరులో బండలు నునుపు చేసే పనిలో పెట్టిన కొత్తలో, మా పెద్దన్న రాతి గనిలో పని చేసేవాడు. చెప్పులు పండుగలకే, కాబట్టి కాళ్లు తెగని వారం ఉండేది కాదు, ఎవరూ లెక్క చేసేవారూ కాదు. ఒకసారి అలాగే తెగి బిళ్ల కడితే అమ్మ పట్టు వేసింది, కరగాలని పక్కింటి పెద్దమ్మ నూనె రాసి గట్టిగా రుద్దింది. ఇంటిల్లిపాదీ పొద్దుమాపూ ఆ బిళ్ల తగ్గిందా లేదా అని తడిమి చూశామే గాని, గుడ్డ కట్టిన పాదం విప్పి చూసినవాళ్లు లేరు. వణుకుతో జ్వరం వచ్చి, చీలమండ నుంచి తొడ దాకా కుంకుమతో గీసినట్టు ఎర్రటి గీత పాకినప్పుడు నాన్న అన్నను రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయాడు. నేను వెంట ఉండి అన్న తల ఒడిలో పెట్టుకున్నాను. అతని మెడలో నాడి కొట్టుకోవడం నా తొడకు తెలుస్తుండేది.

బిళ్లను కోసి తీసేయమని నాన్న బతిమాలితే, రోగం అది కాదని డాక్టరు చెప్పాడు. ఒంట్లో రక్తమే కాక, కండల్లో ఊరే పలుచని నీరు కూడా సన్నని కాలువల్లో పైకి ఎక్కుతుందట, దారిలో గజ్జల్లో, చంకల్లో, మెడలో ఈ బిళ్లలు కావలి కాస్తాయట, పుండులోని విషాన్ని అక్కడ తెల్లకణాలు ఆపి కొట్లాడతాయి కాబట్టే అవి ఉబ్బుతాయట. అక్కడ ఆగకపోతే విషం రక్తంలో కలుస్తుంది. గుండెకు మంచీ చెడూ తెలియదు, వచ్చినదాన్ని ఒళ్లంతా తోయడమే దాని పని. అన్న జ్వరం తగ్గింది కాని, ఆ విషం వాల్వు అనే గుండె లోపలి తలుపును తినేసింది. తర్వాత గని మెట్లు నాలుగు ఎక్కితే కూర్చుండిపోయేవాడు. ఎక్కువ కాలం బతకలేదు.

ఇదంతా చెప్పాక కోడలు చాప దగ్గరికి జరిగింది. మనవరాలి లంగా అంచు పైకి జరిపి చూసింది. చీలమండ పైన ఎర్రగా ఉంది. గిన్నె కింద పెట్టి, తానే ఆటో పిలిచింది.

దవాఖానలో మడమ తెరిచి, చీముతో పాటు గోరంత రాయి ముక్క తీసి, చేతికి సూది పెట్టి మందు ఎక్కించారు. నర్సు ఎరుపు ఎంతవరకు పాకిందో అంతవరకు కాలి మీద పెన్నుతో గీత గీసి, తెల్లారేసరికి ఇది దాటితే హైదరాబాద్ పంపుతామంది. మా అన్న కాలి మీద ఎవరైనా అలా ఒక గీత గీసి కాపలా కూర్చుని ఉంటే అనుకున్నాను. అప్పుడూ పెన్నులు ఉన్నాయి, కాళ్లూ ఉన్నాయి, చూడాలనే ఎరుకే లేదు.

తెల్లవారి నర్సు వచ్చి దుప్పటి తీసింది. నేను అద్దాలు పెట్టుకోలేదు, కోడలినే చూడమన్నాను. ఎరుపు ఆ పెన్ను గీతకు వేలెడు కిందికి దిగింది. బిళ్ల మాత్రం అలాగే కావలి ఉంది.