మావయ్యగారి చేపల గోలెం

గోదావరి నుంచి మా వైపు కాలవలు తవ్వుతున్న రోజులవి. పెళ్ళయి, సఖినేటిపల్లి రేవు దగ్గరున్న అత్తారింటికి కొత్తగా వచ్చాను. పడవ నడిపే మా మావయ్యగారికి చేపలంటే ప్రాణం. అరుగు మీద పెద్ద మట్టి గోలెంలో పరిగెలతో పాటు, అడుగున బురదలో దూరే సన్నటి చారల చేపల్ని పెంచేవారు. బురద చేపకి బురద నీళ్ళే ఆరోగ్యమని ఆయన నమ్మకం. ఆ సంగతి నాకు తెలీదు.

వరదకి ఏటి నీళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు తేరడానికి తాగే బిందెలో ఇండుప గింజ అరగదీస్తూ, పనిలో పనిగా గోలెంలోనూ అరగదీశాను. మధ్యాహ్నానికి నీళ్ళు అద్దంలా తేరాయి. పరిగెలు ఆడుతున్నాయి గానీ చారల చేప ఒక్కటీ లేదు.

"నీళ్ళలో ఏం కలిపేవమ్మా?" అన్నారు మావయ్యగారు.

"ఇండుప గింజండీ" అన్నాను తలుపు చాటు నుంచి.

ఆయన గోలెంలో చిటికెడు తవుడు చల్లారు. అడుగున పేరుకున్న ఒండ్రు మెల్లగా కదిలింది. ముందు మీసాలు, తర్వాత మూతులు, ఆ తర్వాత చేపలన్నీ పైకి వచ్చాయి.

"అచ్చం మీ మీసాలేనండీ" అన్నారు అత్తగారు.

మావయ్యగారు గోలెం మీంచి తల ఎత్తలేదు. "ఇన్నాళ్ళూ పెంచేను గానీ, వీటి చారలు ఇంత బావుంటాయని ఇవాళే చూసేను" అన్నారు.

అత్తారింట్లో నా భయం ఆ పూటతో పోయింది. మర్నాటి నుంచి ఇండుప గింజ ఆయనే అరగదీసేవారు. ముందు గోలేనికి, ఆ తర్వాతే మేం తాగే బిందెకి.